టికెట్ పడితే స్టేటస్ పోతుందా?

ఈసారి అమెరికా నుంచి వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు ఒకే భయం చుట్టూ తిరుగుతున్నాయి. రోడ్డు మీద పోలీసు ఆపి చేతిలో పెట్టిన ట్రాఫిక్ టికెట్ ఒకటి, దాంతో స్టేటస్ (అమెరికాలో చట్టబద్ధంగా ఉండే అర్హత) పోయి ఇన్నేళ్ల కష్టం మట్టిలో కలిసిపోతుందేమోనన్న దిగులు ఒకటి. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి ఆపి ఈ కాలమ్ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నాను. నాకు తెలిసిన చట్టం చెప్తాను, మీ కేసు కాగితాలు మాత్రం ఇమిగ్రేషన్ అటార్నీకి చూపించుకోవాల్సిందే.

ప్రశ్న: నేను ఎఫ్‌1 స్టూడెంట్ వీసా మీద టెక్సస్‌లో ఎమ్మెస్ చేస్తున్నాను. పోయిన వారం 65 మైళ్ల లిమిట్ ఉన్న రోడ్డు మీద 78లో వెళ్తుంటే కాప్ ఆపి టికెట్ ఇచ్చాడు. సంతకం పెట్టమంటే పెట్టాను. సంతకం పెట్టావంటే తప్పు ఒప్పేసుకున్నట్టే, సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డు) టర్మినేట్ చేసి పంపించేస్తారని రూమ్మేట్ అంటున్నాడు. నాలుగు రోజులుగా నిద్ర లేదు, ఇంట్లో కూడా చెప్పలేదు.

జవాబు: ముందు హాయిగా నిద్రపో తమ్ముడూ. ఆ సంతకం తప్పు ఒప్పుకోవడం కాదు. ఫలానా తేదీలోగా కోర్టుకి జవాబిస్తానని నువ్విచ్చిన మాట, అంతే. పెట్టనని మొండికేసి ఉంటే అరెస్టు చేసే వీలుండేది, పెట్టి మంచి పని చేశావు.

టెక్సస్‌లో స్పీడింగ్‌ని క్లాస్ సీ మిస్‌డిమీనర్, అంటే చిన్న తరగతి నేరం, అంటారు. ఆ మాట చదివితే గుండె జారుతుంది గానీ దానికి శిక్ష జరిమానా ఒక్కటే, జైలు లేదు. చాలా రాష్ట్రాల్లో ఇదే పనిని ఇన్‌ఫ్రాక్షన్ అని అసలు నేరం కిందే లెక్కపెట్టరు. రాష్ట్రం దానికి ఏ పేరు పెట్టినా ఇమిగ్రేషన్ చట్టం మాత్రం అది ఏ రకం నేరమని చూస్తుంది. మనిషిని దేశం నుంచి పంపించడానికి ఆ చట్టంలో కొన్ని రకాలే ఉన్నాయి: మోసం, దొంగతనం లాంటి నీతిబాహ్యమైన నేరాలు, డ్రగ్స్, తుపాకులు, గృహహింస, అగ్రవేటెడ్ ఫెలనీలు అనే తీవ్ర నేరాలు. 78లో వెళ్లడం వీటిలో దేని కిందికీ రాదు. ఎఫ్‌1 లాంటి స్టేటస్‌ల నిబంధనల్లోనే ఇంకో మాట ఉంది. నేరం కారణంగా స్టేటస్ తప్పినట్టు లెక్క వేయాలంటే అది హింసతో కూడిన నేరమై ఉండాలి, ఏడాదికి మించి శిక్ష పడగలిగేదై ఉండాలి, అందులో దోషిగా తేలాలి.

మరి నీ రూమ్మేట్ ఎందుకు భయపడ్డాడో కూడా నాకు అర్థమవుతుంది. 2025 ఏప్రిల్‌లో వేలమంది విద్యార్థుల సెవిస్ రికార్డులు ఉన్నట్టుండి రద్దయ్యాయి. ఎఫ్‌బీఐ నడిపే ఎన్‌సీఐసీ డేటాబేస్‌లో పేరు తగిలిందన్నదే చాలామంది విషయంలో కారణం, వాళ్లలో ట్రాఫిక్ కేసులు తప్ప ఇంకేమీ లేనివాళ్లు ఉన్నారు, కోర్టు ఎప్పుడో కొట్టేసిన కేసులున్నవాళ్లూ ఉన్నారు. పిల్లలు కోర్టులకెళ్లారు, జడ్జీలు ఒకరి తర్వాత ఒకరు ఆపమని ఉత్తర్వులిచ్చారు, ఆ నెల 25న ప్రభుత్వమే ఆ రికార్డులు తిరిగి పెడుతున్నామని కోర్టుకి చెప్పింది. కొందరు అప్పటికే భయంతో దేశం వదిలి వెళ్లిపోయారు, అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. అందువల్ల టికెట్‌తో ఎప్పుడూ ఏమీ జరగదని నేను నీకు చెప్పను, కానీ చట్టం నీ పక్షాన ఉంది.

ఇక చేయాల్సింది. టికెట్ మీద తేదీ ఉంటుంది, అది దాటనివ్వకు. నువ్వు లిమిట్ మీద 13 మైళ్లే ఎక్కువ వెళ్లావు కాబట్టి, టెక్సస్ లైసెన్సూ ఇన్సూరెన్సూ ఉండి గడిచిన 12 నెలల్లో ఇదే కోర్సు చేసి ఉండకపోతే, ఆ తేదీలోపు కోర్టుని అడిగి డిఫెన్సివ్ డ్రైవింగ్ కోర్సు చెయ్యి, టికెట్ డిస్మిస్ అవుతుంది. ఊరికే ఆన్‌లైన్‌లో డబ్బు కట్టేస్తే తప్పు ఒప్పుకున్నట్టే లెక్క. కట్టినా ఆకాశం విరిగి పడదు, కాకపోతే ఇంత మంచి దారి ఉండగా ఎందుకు? డిస్మిస్ అయిన కాగితం కోర్టు ముద్రతో తీసుకుని పాస్‌పోర్ట్ దాచే చోట దాచుకో. ఇంట్లో కూడా చెప్పు, ఒక్కడివే మోయకు.

ప్రశ్న: హెచ్‌1బీ ఉద్యోగ వీసా మీద వర్జీనియాలో ఉంటున్నాను. 70 రోడ్డు మీద 88లో వెళ్తున్నానని ఆపి రెక్లెస్ డ్రైవింగ్ రాశారు. ఇది క్రిమినల్ కేసు అంటున్నారు, నిజమేనా? డిసెంబర్‌లో స్టాంపింగ్‌కి (పాస్‌పోర్ట్‌లో కొత్త వీసా వేయించుకోవడానికి) వెళ్లాలి. వీసా దరఖాస్తు ఫామ్ డీఎస్-160లో ఏం రాయాలి?

జవాబు: నిజమేనండీ. వర్జీనియా ఈ విషయంలో చాలా కఠినం. 85 దాటితే చాలు, రోడ్డు లిమిట్ ఎంతయినా సరే, రెక్లెస్ డ్రైవింగే. లిమిట్ మీద 20 ఎక్కువ వెళ్లినా అంతే. అది క్లాస్ 1 మిస్‌డిమీనర్, గరిష్ఠంగా 12 నెలల జైలు, 2,500 డాలర్ల జరిమానా వేయొచ్చు. మొదటిసారి ఇంత స్పీడుకి జైలు పడటం మామూలుగా జరిగేది కాదు, కానీ రికార్డులో అది నేరంగానే ఉండిపోతుంది. పక్క రాష్ట్రంలో ఇదే స్పీడుకి మామూలు టికెట్ ఇచ్చి పంపేవారేమో, ఇక్కడ కోర్టు మెట్లెక్కాలి.

ట్రాఫిక్ లాయర్‌ని పెట్టుకోండి, ఇది డబ్బు దాచుకునే సందర్భం కాదు. లాయర్‌తో మొట్టమొదట చెప్పాల్సిన మాట, నేను వీసా మీద ఉన్నాను అని. ముద్దాయి విదేశీయుడైతే నేరం ఒప్పుకోవడం వల్ల ఇమిగ్రేషన్ మీద ఏ ప్రభావం పడుతుందో డిఫెన్స్ లాయర్ చెప్పి తీరాలని 2010లో పడీయా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మీరు చెప్పకపోతే ఆయనకి ఆ సంగతి తట్టకపోవచ్చు. లాయర్ ప్రయత్నించేది కేసుని మామూలు స్పీడింగ్‌కి గానీ ఇంప్రాపర్ డ్రైవింగ్‌కి గానీ తగ్గించడం. ఆ రెండూ ఇన్‌ఫ్రాక్షన్లే, నేరాలు కావు. స్పీడోమీటర్ కాలిబ్రేషన్ రిపోర్టు, డ్రైవింగ్ కోర్సు సర్టిఫికెట్, శుభ్రమైన డ్రైవింగ్ రికార్డు ముందే చేతిలో ఉంటే ఆయన పని తేలికవుతుంది.

ఒకవేళ తగ్గించకపోయినా, స్పీడు ఒక్కటే ఉన్న రెక్లెస్ డ్రైవింగ్‌ని సాధారణంగా నీతిబాహ్యమైన నేరంగా చూడరు. ఎవరినీ మోసం చేయలేదు, ఎవరికీ హాని చేయాలన్న ఉద్దేశం లేదు. హెచ్‌1బీ దాంతో పోదు.

డీఎస్-160 అడిగేది ఇది: ఎప్పుడైనా ఏదైనా నేరానికి అరెస్టయ్యారా, దోషిగా తేలారా, తర్వాత క్షమాభిక్ష వచ్చినా సరే. మిస్‌డిమీనర్‌లో దోషిగా తేలితే జవాబు అవును, కింద నాలుగు వాక్యాల్లో ఏం జరిగిందో రాయండి, కేసు ఎలా ముగిసిందో చెప్తూ కోర్టు ఇచ్చిన కాగితం, సర్టిఫైడ్ డిస్పోజిషన్, ఇంటర్వ్యూకి తీసుకెళ్లండి. అరెస్టు లేకుండా మామూలు స్పీడింగ్‌గా తగ్గితే ఆ ప్రశ్నకి అది అందదనే చాలామంది అటార్నీలు చెప్తారు, మీ అటార్నీతో ఖాయం చేసుకుని రాయండి. ఇక్కడ చాలామంది పడే గుంత ఇంకొకటుంది. కొన్ని రాష్ట్రాల్లో నేరం ఒప్పుకుంటే తీర్పు వాయిదా వేసి, కొన్నాళ్లు బుద్ధిగా ఉంటే కేసు కొట్టేస్తారు, రికార్డు చెరిపేస్తారు కూడా. రాష్ట్రం లెక్కలో అది లేనట్టే. ఇమిగ్రేషన్ చట్టానికి మాత్రం నేరం ఒప్పుకుని, జడ్జి ఏదో ఒక శిక్షో షరతో పెట్టి ఉంటే అది కన్విక్షనే, అంటే దోషిగా తేలినట్టే. కేసు చెరిగిపోయింది కదా అని లేదు అని రాస్తే, టికెట్ కంటే పదింతలు పెద్ద సమస్యని కొని తెచ్చుకున్నట్టు. వీసా కోసం ముఖ్యమైన విషయాన్ని కావాలని దాచారని తేలితే జీవితాంతం ప్రవేశం నిరాకరించొచ్చు.

ప్రశ్న: మా తమ్ముడు హెచ్‌1బీ. మూడు వారాల కిందట పార్టీ నుంచి వస్తూ డీయూఐలో (తాగి నడిపిన కేసులో) అరెస్టయ్యాడు, ఒక రాత్రి లోపల ఉంచి వదిలేశారు. కేసు ఇంకా నడుస్తోంది. నిన్న కాన్సులేట్ నుంచి వీసా రద్దు చేశామని ఈమెయిల్ వచ్చింది. రెండు నెలల్లో వాడి పెళ్లి, ఇక్కడికి రావాలి. కోర్టులో తప్పని తేలకుండానే వీసా ఎలా తీసేస్తారండీ?

జవాబు: అమ్మా, మీ బాధ అర్థమైంది కాబట్టే సూటిగా చెప్తున్నాను. ఇది చిన్న టికెట్ కాదు. ఈ నెల ఉత్తరాలన్నిటిలో నన్ను నిజంగా కలవరపెట్టింది మీదే.

తాగి నడిపినందుకు అరెస్టయితే చాలు, తీర్పు రాకముందే వీసా రద్దు చేసే అధికారం స్టేట్ డిపార్ట్‌మెంట్‌కి ఉంది. 2015 నుంచి దీన్ని గట్టిగా అమలు చేస్తున్నారు. గడిచిన 5 ఏళ్లలో డీయూఐ అరెస్టు ఉంటే ఆ వీసా తీసేసి, మళ్లీ అప్లై చేయమంటారు. వాళ్లు చూసేది నేరం రుజువైందా అని కాదు, మనిషికి మద్యం సమస్య ఉందా, దానివల్ల ఇతరులకి ప్రమాదమా అని. ఇది ఆరోగ్యానికి సంబంధించిన నిబంధన కింద వస్తుంది, అందుకే కోర్టు తీర్పు కోసం ఆగరు.

ఇక్కడ వీసా వేరు, స్టేటస్ వేరు. పాస్‌పోర్ట్‌లో అంటించినది లోపలికి రావడానికి టికెట్ లాంటిది. లోపల ఉండే హక్కు, దేశంలోకి వచ్చినప్పుడు ఇచ్చే ప్రవేశ రికార్డు ఐ-94 మీద తేదీ. వీసా రద్దయినా మీ తమ్ముడు ఐ-94 గడువు దాకా అక్కడే ఉండి ఉద్యోగం చేసుకోవచ్చు. కానీ బయటకి అడుగు పెట్టాడా, ఆ వీసాతో తిరిగి వెళ్లలేడు. కొత్తగా స్టాంపింగ్‌కి వెళ్లాలి, కాన్సులేట్ వాళ్లు తమ ప్యానెల్ డాక్టర్ దగ్గరికి పంపుతారు, ఆయన తాగుడు అలవాటు గురించి అడుగుతారు, పరీక్షలు చేస్తారు. సమస్య ఉందని డాక్టర్ తేలిస్తే 12 నెలలు మానేసినట్టు చూపించి మళ్లీ రమ్మనే అవకాశం ఉంది. సమస్య లేదని తేలినా వారాలు పట్టొచ్చు. కోర్టు కేసు పెండింగ్‌లో ఉండగా వచ్చేస్తే వాయిదాకి హాజరు కాలేక వారంట్ కూడా పడుతుంది.

అందుకని పెళ్లి తేదీ మార్చుకోగలిగితే మార్చుకోండి. అవతలివాళ్లకి ఏం చెప్పాలా అని ఆలోచిస్తుంటారు, తెలుసు. నిజం చెప్పడమే మేలు, ఎందుకంటే ఆ అమ్మాయి డిపెండెంట్ వీసాకి వెళ్లినప్పుడు ఇది ఎలాగూ బయటపడే విషయమే.

ఒక ఊరట ఉంది. ఒక్క మామూలు డీయూఐ దానంతటది మనిషిని డిపోర్ట్ చేసే నేరం కాదు. 2004లో లియోకాల్ అనే కేసులో, నిర్లక్ష్యంగా తాగి నడిపి గాయపరిచినా అది హింసాత్మక నేరం కిందికి రాదని సుప్రీంకోర్టు చెప్పింది. కానీ కారులో పిల్లలు ఉన్నా, సస్పెండ్ అయిన లైసెన్స్‌తో అని తెలిసి నడిపినా, గుద్ది ఆగకుండా వెళ్లినా లెక్క మారిపోతుంది. రెండోసారి కూడా దోషిగా తేలితే, 2019 నాటి కాస్టీయో-పెరెజ్ నిర్ణయం ప్రకారం, పౌరసత్వం లాంటివాటికి కావాల్సిన సత్ప్రవర్తన లేదని ముందే అనుకుంటారు, ఉందని నిరూపించుకోవాల్సిన భారం మన మీదే పడుతుంది. ఇంకొక్కటి చెప్పాలి, కారులో గంజాయి దొరికితే ఆ రాష్ట్రంలో అది చట్టబద్ధమే అయినా సరే, ఫెడరల్ చట్టంలో నిషేధమే, ఇమిగ్రేషన్ నడిచేది ఫెడరల్ చట్టం మీద. పిల్లలకి ఈ సంగతి తెలియడం లేదు, దయచేసి చెప్పండి.

ప్రశ్న: గ్రీన్ కార్డ్ వచ్చి ఆరేళ్లయింది, ఎన్-400 (పౌరసత్వం దరఖాస్తు) వేయబోతున్నాను. నాకు ఐదు టికెట్లు ఉన్నట్టు గుర్తు, నాలుగు స్పీడింగ్, ఒకటి రెడ్ లైట్. రెండు వేరే రాష్ట్రంలోవి, కాగితాలు లేవు. అన్నీ చెప్పాలా, చిన్నవి వదిలేయొచ్చా?

జవాబు: చెప్పండి. పోలీసు ఆపి ఇచ్చినవన్నీ. పార్కింగ్ టికెట్ల గురించి మాత్రం తల బద్దలు కొట్టుకోకండి.

జనం కలగాపులగం చేసేది చెప్పడాన్నీ, కాగితాలు పెట్టడాన్నీ. మద్యం, డ్రగ్స్ ప్రమేయం లేకుండా, అరెస్టు లేకుండా, శిక్షంతా 500 డాలర్ల లోపు జరిమానా లేదా లైసెన్స్ మీద పాయింట్లే అయితే కాగితాలు జతచేయక్కర్లేదన్న మినహాయింపు, ఈ దరఖాస్తులు చూసే ప్రభుత్వ సంస్థ యూఎస్‌సీఐఎస్ సూచనల్లో ఉంటూ వస్తోంది. మీరు నింపే ఎడిషన్ సూచనల్లో ఆ వాక్యం ఎలా ఉందో ఒకసారి చదువుకోండి. ఆ మినహాయింపు కాగితాలకే. ఇంటర్వ్యూలో ప్రమాణం చేయించి అడిగినప్పుడు లేవు అని చెప్తే అది అబద్ధపు సాక్ష్యం, సత్ప్రవర్తన విషయంలో అబద్ధం చిన్నదా పెద్దదా అని కూడా చూడరు. టికెట్‌తో పోని పౌరసత్వం దాన్ని దాచడంతో పోతుంది.

గుర్తులేనివాటికి ఒక తేలిక మార్గం ఉంది, మీరు ఉన్న ప్రతి రాష్ట్రం డీఎంవీ (లైసెన్సులిచ్చే ఆఫీసు) నుంచీ డ్రైవింగ్ రికార్డు తెప్పించుకోండి. పాతవి రాకపోతే ఆ కౌంటీ కోర్టు క్లర్క్‌కి రాయండి, రికార్డు తీసేశామని చెప్తే ఆ ఉత్తరమే మీ సాక్ష్యం.

ఐదు టికెట్లతో ఒకప్పుడు ఎవరికీ పెద్దగా ఇబ్బంది ఉండేది కాదు. 2025 ఆగస్టు 15న యూఎస్‌సీఐఎస్ ఒక మెమో ఇచ్చింది, సత్ప్రవర్తనని మొత్తంగా తూచి చూడమని. చట్టపరంగా అడ్డు కాకపోయినా పౌర బాధ్యతకి సరిపడని పనులు చూడమంటూ అందులో ఇచ్చిన ఉదాహరణల్లో నిర్లక్ష్యపు డ్రైవింగ్, అలవాటుగా మారిన ట్రాఫిక్ ఉల్లంఘనలు ఉన్నాయి. కాబట్టి ఆ ఐదూ ఏ సంవత్సరాల్లో పడ్డాయో చూసుకోండి. ముఖ్యంగా లెక్కలోకి తీసుకునేది అప్లై చేసే ముందు 5 ఏళ్లు. అన్నీ పాతవైతే ధైర్యంగా వేయండి. గత ఏడాదిలోనే మూడు పడి ఉంటే మాత్రం, నన్నడిగితే, కొన్నాళ్లు ఆగి శుభ్రమైన రికార్డుతో వెళ్లడం మంచిది. పన్నులు సరిగ్గా కట్టినవి, ఉద్యోగం, మీరు చేసే సేవ, ఇవన్నీ కూడా అదే మెమో ప్రకారం మీ వైపు బరువే, వాటి కాగితాలూ పట్టుకెళ్లండి. ఏ కేసులోనైనా ప్రొబేషన్ నడుస్తుంటే అది ముగిసేదాకా పౌరసత్వం ఇవ్వరు.

ప్రశ్న: మూడేళ్ల కిందట జార్జియాలో టికెట్ పడింది, తర్వాత ఉద్యోగం మారి వేరే రాష్ట్రానికి వచ్చేశాను, ఆ గొడవలో మర్చిపోయాను. వచ్చే నెల ఇండియా వెళ్లి రావాలి. ఇప్పుడు కడితే సరిపోతుందా?

జవాబు: చలానా కదా, తీరిగ్గా కట్టొచ్చులే అన్న అలవాటు మనది. ఇక్కడ అది చాలా ప్రమాదం. జార్జియాలో స్టాప్ సైన్ దాటడం కూడా సాంకేతికంగా మిస్‌డిమీనరే. కోర్టు డేట్‌కి రాకపోతే లైసెన్స్ సస్పెండ్ అవుతుంది, జడ్జి బెంచ్ వారంట్, అంటే అరెస్టు ఉత్తర్వు, ఇవ్వొచ్చు. ఉత్తరాలు పాత ఇంటికి వెళ్లి ఉంటాయి, మీకు తెలియను కూడా తెలియదు. తర్వాత ఏ టైల్ లైట్ కోసమో ఆపితే చేతికి బేడీలు, వేలిముద్రలు. ఆ వేలిముద్రలు ఎఫ్‌బీఐ దాకా వెళ్తాయి, జరిమానాతో పోయేది అరెస్టు రికార్డుగా మిగులుతుంది. ఎయిర్‌పోర్టులో తిరిగొచ్చేటప్పుడూ వారంట్ కనబడే వీలుంది.

ఈరోజే ఆ కోర్టు క్లర్క్‌కి ఫోన్ చేయండి, సైటేషన్ (టికెట్) నంబర్ లేకపోతే పేరు, పుట్టిన తేదీ చెప్పండి. వారంట్ ఉందంటే మీరు నేరుగా వెళ్లకుండా అక్కడి లాయర్‌ని పెట్టండి, ఇలాంటి చిన్న కేసుల్లో మీరు రాకుండానే వారంట్ వెనక్కి తీయించగలుగుతారు చాలాసార్లు. లైసెన్స్ చెల్లుతోందో లేదో తేలేదాకా కారు తీయొద్దు. ఇదంతా సర్దుకుని, క్లియరెన్స్ కాగితం చేతికొచ్చాకే ఫ్లైట్ ఎక్కండి. ఇల్లు మారినప్పుడు 10 రోజుల్లో అడ్రస్ మార్పు ఫామ్ ఏఆర్-11 వేశారా? వేయకపోతే అదీ ఇప్పుడే వేసేయండి.

ప్రశ్న: మా నాన్నగారు విజిటర్ వీసా మీద వచ్చారు. ఆయన పక్కన కూర్చుని ఉండగా నాకు టికెట్ పడింది. ఆయన వీసాకి ఇబ్బందా?

జవాబు: లేదండీ, ఏమాత్రం కాదు. టికెట్ డ్రైవర్‌ది.

ప్రశ్న: ఐ-485 (గ్రీన్ కార్డ్ దరఖాస్తు) వేసి ఏడాది అయింది. సైటేషన్ ఉందా అన్న చోట లేదు అని టిక్ పెట్టాం. ఒక స్పీడింగ్ టికెట్ ఉన్న సంగతి మా ఆయనకి ఇప్పుడు గుర్తొచ్చింది. వచ్చే వారం ఇంటర్వ్యూ, టెన్షన్‌తో చేతులు ఆడటం లేదు.

జవాబు: గుర్తొచ్చింది ఇంటర్వ్యూ ముందే కదా, అదే అదృష్టం. వాళ్లు పట్టుకోకముందే మనంతట మనం సరిదిద్దితే దాన్ని దాచడంగా చూడరు. డ్రైవింగ్ రికార్డు, జరిమానా కట్టిన రసీదు తీసి పెట్టుకోండి. ఇంటర్వ్యూలో ఆఫీసర్ ఫామ్ ముందు పెట్టుకుని ఒక్కొక్క ప్రశ్నా చదువుతారు, మార్పులుంటే ఎర్ర ఇంకుతో రాసుకుంటారు. ఆయన ఆ ప్రశ్న దాకా వచ్చేదాకా ఆగకండి. ప్రమాణం అయిపోయి కూర్చోగానే, మీ ఆయన తన నోటితోనే, ఫామ్‌లో ఒక జవాబు తప్పు రాశాను, నాకొక స్పీడింగ్ టికెట్ ఉంది, అప్పుడు గుర్తు రాలేదు, కాగితాలు ఇవిగో అని చెప్పి ఇచ్చేయమనండి.